నీటిపై తేలు విద్యుత్కేంద్రము

రామగుండములో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రమునకు 1978లో శంకుస్థాపన జరిగినది. 1983లో మొదటి యూనిట్ పనిచేయసాగినది. సింగరేణి బొగ్గే దాని ఆహారము.

ఎండను నేరుగా విద్యుత్తుగా మార్చు సిలికాన్ సౌరఘటము 1954లోనే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారైనది. దానికి బొగ్గు అక్కరలేదు, పొగయు రాదు. కాని సౌరఫలకములు పరచుటకు భూమి మెండుగా కావలెను. అందుకై అడవిని నరికినచో, అందలి మృగములకు ఉనికి ఎక్కడిది?

రామగుండములో దీనికొక ఉపాయము దొరికినది. కేంద్రపు జలాశయముపై 500 ఎకరముల మేర ఫలకములను తెప్పలవంటి వేదికలపై తేల్చిరి. 100 మెగావాట్ల ఈ ఏర్పాటు 2022 జులై 1 నాటికి పూర్తిగా పనిలోనికి వచ్చినది. క్రింది నీరు ఫలకములను చల్లబరచును. వేడి తగ్గినకొలది వాటి సామర్థ్యము హెచ్చును. ఫలకముల నీడవలన ఏటా సుమారు 32.5 లక్షల ఘనమీటర్ల నీరు ఆవిరిగాక మిగులుననియు, 1.65 లక్షల టన్నుల బొగ్గు ఆదా అగుననియు అంచనా.

2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రము ప్రక్కన ఇది చిన్నదే, రాత్రివేళ పనిచేయదు. నీడలోని చేపలను, నీటిమొక్కలను గమనించుచుండుటయు అవసరమే. అయినను క్రొత్త యంత్రమే కానక్కరలేదు. ఉన్న సాధనమును ఎచ్చట ఉంచవలెనన్న యోచనయు అడవిని కాపాడగలదని ఈ జలాశయము చెప్పుచున్నది.