షుగర్ హిల్ : ఒక గ్రామఫోను కంపెనీ చరిత్ర

పాట ఎంతసేపు ఉండవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చాలకాలము గాయకుని చేతిలో గాక గ్రామఫోను పళ్లెము చేతిలో ఉండినది. 78 వేగముతో తిరుగు పది అంగుళముల రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. ఆ పళ్లెములు పోయిన తరువాత కూడ ఆ మూడు నిమిషముల అలవాటు పోలేదు. అమెరికాలోని వాణిజ్య రేడియో స్టేషనులు దానినే శాసనముగ పాటించుచు వచ్చినవి. గడియారము ముందు కూర్చుండి కార్యక్రమము నడుపువారికి నిమిషము విలువ ఎట్టిదో నేను వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి రోజులలో, 1979వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, న్యూజెర్సీ రాష్ట్రములోని ఎంగిల్‌వుడ్ అను చిన్న పట్టణమునుండి 14 నిమిషముల 35 సెకండ్ల నిడివి గల రికార్డొకటి వెలువడినది. అందులో రాగమన్నది లేదనియే చెప్పవచ్చును. ముగ్గురు యువకులు వాద్యముల వరుసపై లయ తప్పక, ప్రాస తప్పక మాటలు చెప్పుచు పోయిరి. దాని పేరు ‘రాపర్స్ డిలైట్’. దానిని వెలువరించిన కంపెనీ షుగర్ హిల్. ఆ కంపెనీ ఏడెనిమిది సంవత్సరములైనను నిండుగ బ్రతుకలేదు. కాని నేడు ప్రపంచమంతట వినిపించు హిప్ హాప్ అను సంగీతము వ్యాపారముగ మారిన కథ అక్కడనే మొదలైనది. ఆ వ్యాపారములోని తగవులును అక్కడనే మొదలైనవి.

ముందుగ ఆ మాటలు పుట్టిన చోటు చెప్పవలెను. న్యూయార్కు నగరమునకు ఉత్తర భాగము బ్రాంక్స్. 1948లో ప్రారంభించి ఆ ప్రాంతము నడిబొడ్డుగ ఒక పెద్ద రహదారిని త్రవ్విరి. దానికై వేలకొలది కుటుంబములను ఇండ్లనుండి లేవదీసిరి. పని ఇచ్చు కర్మాగారములు తరలిపోయినవి. కలిగినవారు ఊరు విడిచిరి. 1970 తరువాతి ఏండ్లలో దక్షిణ బ్రాంక్స్‌లో వీధులకు వీధులే అగ్నికి ఆహుతి అయినవి. మిగిలినవారు నల్లజాతివారు, పోర్టోరికోవారు, కరిబియన్ దీవులనుండి వచ్చి స్థిరపడినవారు. 1973 ఆగస్టు 11వ తేదీ రాత్రి, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520వ నంబరు భవనములో సిండీ కాంప్‌బెల్ అను బాలిక, బడి తెరచునప్పటికి క్రొత్త బట్టలు కొనుక్కొనుటకై, ప్రవేశ రుసుము పెట్టి ఒక వేడుక ఏర్పాటు చేసెను. అక్కడ రికార్డులు వేసినవాడు ఆమె అన్న క్లైవ్. జమైకా దీవిలో పుట్టినవాడు. కూల్ హెర్క్ అని వాడుక పేరు.

పాటలో గాత్రము ఆగి డ్రమ్ములు మాత్రమే మ్రోగు కొద్ది క్షణములు వచ్చినపుడే నృత్యము చేయువారు విజృంభించుచున్నారని హెర్క్ కనిపెట్టెను. ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి రెండు యంత్రములపై పెట్టి, ఒకదానిలో ఆ భాగము ముగియగనే రెండవదానిలో అందుకొని, ఆ కొద్ది క్షణములను ఎంతసేపైనను సాగదీసెను. ఆ సాగిన లయపై జనమును ఉత్సాహపరచుటకు మైకు పట్టి ప్రాసలు కూర్చి మాట్లాడువారు బయలుదేరిరి. వారికి ఎం.సీ.లు అని పేరు. ఈ ప్రాసల స్థితి మన చాటువుల స్థితి వంటిది. ఎవడు కట్టినాడో కొందరికి తెలియును, పలువురు అప్పగించుచుందురు, బాగున్నదని వినువారు మెచ్చుకొందురు. కాగితముపై హక్కు వ్రాసుకొన్నవారు లేరు. ఆరేండ్ల పాటు ఇది యంతయు వేడుకలలోను, చేతులు మారు కాసెట్ టేపులలోను బ్రతికినది. ఆ విద్యలో ఆరితేరినవారికే దీనిని రికార్డుగ అమ్మవచ్చునని తోచలేదు. రాత్రి పొడుగున సాగు సందడిని ఒక పళ్లెముపై ఎట్లు పట్టగలరు?

ఆ ఆలోచన బయటినుండి వచ్చిన ఒక స్త్రీకి కలిగినది. ఆమె సిల్వియా రాబిన్సన్. హార్లెమ్‌లో పుట్టినది. 1950లోనే, చిన్న వయస్సున, ‘లిటిల్ సిల్వియా’ అను పేర రికార్డులకు పాడినది. 1956లో మికీ బేకర్ అను గిటారు విద్వాంసునితో కలిసి పాడిన ‘లవ్ ఈజ్ స్ట్రేంజ్’ మరుసటి సంవత్సరము దేశమంతట మారుమ్రోగినది. భర్త జో రాబిన్సన్‌తో కలిసి ఎంగిల్‌వుడ్‌లో ఆల్ ప్లాటినమ్ అను కంపెనీని పెట్టి, ఇతరులచే పాడించుట, స్టూడియోలో దిద్దుట, పాటలు వ్రాయుట అన్నియు తానే చూచుకొన్నది. 1973లో ‘పిల్లో టాక్’ అను పాటను అల్ గ్రీన్ కొరకు వ్రాయగా ఆయన పాడనొల్లలేదు. ఆమెయే పాడి, నల్లజాతి సంగీతపు పట్టికలో మొదటి స్థానము తెచ్చుకొన్నది. స్టూడియోలో మిక్సింగు బల్ల వద్ద స్త్రీలు కానరాని కాలమది. ఆమె సాహసమును ఈ చరిత్ర వ్రాయువారు తరచు తక్కువగ చెప్పుచుందురని నా అభిప్రాయము.

1975లో ఆ దంపతులు చికాగోలోని సుప్రసిద్ధమైన చెస్ కంపెనీ పాత రికార్డుల హక్కులు కొనిరి. పేరు గొప్పదేగాని పైకము తిరిగి రాలేదు. 1979 నాటికి ఆల్ ప్లాటినమ్ అప్పులలో మునిగి దివాలా స్థితిలో ఉన్నది. ఆ వేసవిలో సిల్వియా హార్లెమ్ వరల్డ్ అను నృత్యశాలలో జరిగిన ఒక పుట్టినరోజు వేడుకకు పోయెను. అక్కడ లవ్‌బగ్ స్టార్‌స్కీ అనువాడు రికార్డులు వేయుచు, వాని మీద మాటలు చెప్పుచు, జనముచే మారుపలుకు పలికించుచుండెను. బుర్రకథలో కథకుడు, వంతలు ఒకరినొకరు అందుకొను తీరు తెలిసినవారికి ఆ దృశ్యము కొంత ఊహకు వచ్చును. దీనిని రికార్డుపై ఎక్కింపవలెనని ఆమె అక్కడికక్కడే నిశ్చయించుకొన్నది. క్రొత్త కంపెనీకి రౌలెట్ రికార్డుల యజమాని మారిస్ లెవీ పెట్టుబడి సాయము చేసెను. హార్లెమ్‌లో కలిగిన నల్లజాతి కుటుంబములు నివసించిన మిట్ట పేరు షుగర్ హిల్. ఆ పేరే కంపెనీకి పెట్టిరి.

పేరుపొందిన ఎం.సీ.లు ఆమెకు దొరకలేదు. ఆమె కుమారుడు జోయీ ఊరిలోనే వెదకసాగెను. ఎంగిల్‌వుడ్‌లోని ఒక పిజ్జా అంగడిలో పని చేయుచు, టేపు వినుచు దానితోపాటు ప్రాసలు చెప్పుచున్న హెన్రీ జాక్సన్ అనువాడు కంటబడెను. అంగడి ముందు నిలిపిన కారులోనే పరీక్ష జరిగినది. గై ఓబ్రయన్, మైకేల్ రైట్ అను మరి ఇద్దరును అదే సమయమున వచ్చి చేరిరి. ఎవరిని తీసికొందునని ఆలోచింపక ఆమె ముగ్గురిని కలిపి షుగర్‌హిల్ గ్యాంగ్ అని పేరు పెట్టెను.

తగవు ఇక్కడనే పుట్టినది. జాక్సన్ స్వయముగ ప్రాసలు కట్టువాడు కాడు. బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ కాజ్ అను ఎం.సీ.కి కార్యక్రమములు కుదిర్చి పెట్టువాడు. పిజ్జా అంగడిలో అతడు వినుచున్న టేపు కాజ్‌దే. రికార్డు చేయబోవునపుడు కాజ్ వద్దకు పోయి ప్రాసల పుస్తకము అడిగెను. తనవాడు పైకి వచ్చిన తనను కూడ పైకి తెచ్చునను నమ్మకముతో కాజ్ పుస్తకము ఇచ్చెను. జాక్సన్ ఆ ప్రాసలను ఎంత యథాతథముగ అప్పగించెనన, కాజ్ తన పాత పేరును అక్షరము అక్షరముగ చెప్పుకొన్న చరణమును కూడ మార్చక, అది తన పేరే అయినట్లు రికార్డుపై చదివివేసెను. బ్రాంక్స్‌లో విన్నవారందరికి ఆ మాటలు ఎవరివో వెంటనే తెలిసినది. వేడుకలో ఒకని ప్రాస మరియొకడు చెప్పిన నవ్వులాట. రికార్డుపై చెప్పిన అది సొత్తు. ఆ రెంటికి నడుమ గీత ఎచ్చట ఉన్నదో అప్పటికి ఎవరును ఆలోచింపలేదు.

సంగీతపు సంగతియు అంతే. ఆ వేసవిలో షిక్ అను బృందము వారి ‘గుడ్ టైమ్స్’ అను పాట ప్రతి నృత్యశాలలోను మ్రోగుచుండెను. దాని బేసు వరుసను వాద్యకారులచే తిరిగి వాయింపజేసి, దానిపై ఈ మాటలను ఒకే విడతలో రికార్డు చేసిరి. షిక్ బృందమునకు చెందిన నైల్ రాడ్జర్స్ ఒక క్లబ్బులో దీనిని విని నివ్వెరపోయెను. ఆయనయు, బెర్నార్డ్ ఎడ్వర్డ్సును వ్యాజ్యము వేయుదుమనిరి. మొదటి ముద్రణలపై లేని వారి పేర్లు తరువాతి ముద్రణలపై రచయితలుగ వచ్చినవి. వారు పేరు పొందిన స్వరకర్తలు, వారి వెనుక న్యాయవాదులు ఉన్నారు. కాజ్ వెనుక ఎవరున్నారు?

ర్యాప్ వెలువడిన మొట్టమొదటి రికార్డు ఇదియే అని కొందరు చెప్పుదురు. అది సరికాదు. ఫ్యాట్‌బ్యాక్ బ్యాండు వారి ‘కింగ్ టిమ్ III’ అదే సంవత్సరము కొంచెము ముందుగ వచ్చినది. కాని జనము ఎగబడినది దీని కొరకు. ఈస్ట్ సెయింట్ లూయీలోని ఒక స్టేషను దీనిని ధైర్యము చేసి పూర్తిగ వేయగ శ్రోతలు మరల మరల అడిగిరి. ఇతర స్టేషనులును లొంగినవి. అమెరికా ప్రధాన పట్టికలో 36వ స్థానము, నల్లజాతి సంగీత పట్టికలో 4వ స్థానము, బ్రిటనులో 3వ స్థానము దానికి దక్కినవి. ఒక పెద్ద కంపెనీ సాయము లేక, ఒక కుటుంబము నడుపు సంస్థ చేసిన పని ఇది.

స్వతంత్ర కంపెనీ నడక ఎట్టిదో ఇక్కడ కొంచెము చెప్పవలెను. రికార్డులు ఒత్తు కర్మాగారమునకు పైకము ముందుగ చెల్లింపవలెను. టోకు వర్తకులు మాత్రము నెలల తరబడి ఇవ్వరు. అమ్ముడుపోనివి తిప్పి పంపుదురు. మరియొక గెలుపు రికార్డు చేతిలో ఉన్నపుడే, అది కావలెనను ఆశతో, మొదటిదాని బాకీ తీర్చుదురు. కావున ఒక్క పాట గెలిచిన చాలదు, వెంటవెంట గెలువవలెను. షుగర్ హిల్ వారు అట్లే గెలిచిరి. దక్షిణ కరోలినానుండి వచ్చిన ముగ్గురు యువతుల సీక్వెన్స్ బృందముచే 1979లోనే రికార్డు చేయించిరి. డగ్ వింబిష్, స్కిప్ మెక్‌డొనాల్డ్, కీత్ లెబ్లాంక్ అను ముగ్గురు గట్టి వాద్యకారులను స్టూడియోలో ఉంచుకొనిరి. హార్లెమ్‌లో బాబీ రాబిన్సన్ నడుపు ఎంజాయ్ అను కంపెనీనుండి గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్‌ను, అతని ఐదుగురు ఎం.సీ.లను 1980లో తమవైపు త్రిప్పుకొనిరి. ఇంటిపేరు ఒకటే గాని ఈ రాబిన్సన్లకు ఆయన చుట్టము కాడు. 1981లో ఫ్లాష్ ఇతరుల రికార్డులనే వాద్యములుగ చేసికొని, యంత్రములపై చేతులతో ఆడించుచు, ఏడు నిమిషముల రికార్డొకటి చేసెను. ఆ విద్య అసలు రూపమున పళ్లెమునకు ఎక్కుట అదియే మొదలు అని చెప్పవచ్చును.

1982 జూలైలో ‘ది మెసేజ్’ వచ్చినది. కంపెనీ వాద్యకారులలో ఒకడైన ఎడ్ ఫ్లెచర్ దీనిని మొదలుపెట్టెను. వేడుకల ఆర్భాటము లేదు, నడక నిదానము. పగిలిన గాజు పెంకులు, ఎలుకలు, అప్పులవాళ్లు, చెరసాల—బ్రాంక్స్ వాడల బ్రతుకే అందులోని విషయము. ఫ్లాష్ బృందము వారు మొదట ఒప్పుకొనలేదు. ఆడిపాడుటకు వచ్చినవారు తమ కష్టములను పాటగ వినగోరుదురా అని వారి సందేహము. సిల్వియా పట్టు విడువలేదు. చివరకు ఫ్లెచర్, మెల్లీ మెల్ అను ఇద్దరే మాటలు చెప్పిరి. మెల్ తాను మునుపు ఎంజాయ్ వారికి చెప్పిన ఒక చరణమును తెచ్చి దీని చివర చేర్చెను. ఫ్లాష్ చేతి పని ఇందులో లేదు. అయినను పళ్లెముపై అచ్చయినది అతని పేరు.

అట్లు అచ్చయిన పేరే మరుసటి ఏట కోర్టుకు ఎక్కినది. తనకు రాయల్టీలు సరిగ చెల్లించుట లేదని ఫ్లాష్ 1983లో వ్యాజ్యము వేసెను. బృందము రెండుగ చీలినది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అను పేరు అతనికి దక్కినది, మెల్లీ మెల్ కంపెనీతో ఉండిపోయెను. అదే సంవత్సరము వచ్చిన ‘వైట్ లైన్స్’ బేసు వరుస తమదని మరియొక చిన్న కంపెనీ, 99 రికార్డ్స్, కోర్టుకు పోయినది. లెక్కలు దాచుట ఆ నాటి చిన్న కంపెనీలలో మామూలేనని వాదించువారు కలరు. మామూలైనంతమాత్రమున పాడినవానికి కడుపు నిండదు. పెద్దల చేతిలో తాను నష్టపడిన గాయని తన వద్ద పాడినవారికి లెక్క చెప్పకుండుట నాకు ఈ కథలో మ్రింగుడుపడని సంగతి.

ఇంతలో కాలము మారినది. 1983, 84 సంవత్సరములలో రన్ డి.ఎం.సి. బృందము వాద్యకారులు లేకయే, డ్రమ్ముల యంత్రము ఒక్కటి పెట్టుకొని, కటువైన క్రొత్త ధ్వని తెచ్చెను. టామీ బాయ్, ప్రొఫైల్, డెఫ్ జామ్ వంటి క్రొత్త కంపెనీలు లేచినవి. షుగర్ హిల్ వారి నిండైన వాద్యబృందము ఒక్కసారిగ పాతబడిపోయినది. పంపిణీకై 1983 చివర ఎం.సి.ఎ. అను పెద్ద కంపెనీతో ఒప్పందము చేసికొనిరి. దానికి మధ్యవర్తి సాల్ పిసెల్లో. నేరస్థుల ముఠాలతో సంబంధము గలవాడని పోలీసులు ఎరిగినవాడు, తరువాత పన్ను ఎగవేత నేరమున శిక్ష పొందినవాడు. చెస్ వారి పాత రికార్డుల హక్కులు ఎం.సి.ఎ. చేతికి పోయినవి. అప్పులు మాత్రము ఎంగిల్‌వుడ్‌లోనే మిగిలినవి. 1986 నాటికి షుగర్ హిల్ మూతబడినది.

పాత టేపుల హక్కులను 1995లో రైనో అను కంపెనీ కొన్నది. జో రాబిన్సన్ 2000లో మరణించెను. ఎంగిల్‌వుడ్‌లోని స్టూడియో 2002లో అగ్నిప్రమాదమున కాలిపోయినది. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము, జాతి భద్రపరుపదగిన ధ్వనిముద్రణల మొదటి జాబితాను ప్రకటించుచు ‘ది మెసేజ్’ను అందులో చేర్చెను. 2011వ సంవత్సరపు జాబితాలో ‘రాపర్స్ డిలైట్’ చేరినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 29న సిల్వియా రాబిన్సన్ కన్నుమూసెను. పిజ్జా అంగడిలో ప్రాసలు చెప్పిన హెన్రీ జాక్సన్ 2014లో మరణించెను. రాక్ అండ్ రోల్ గౌరవ మందిరము సిల్వియాను 2022లో స్మరించినది. ఆ 14 నిమిషముల రికార్డు ఎన్నియో మారులు తిరిగి అచ్చయినది. దాని రచయితల వరుసలో గ్రాండ్‌మాస్టర్ కాజ్ పేరు లేదు.