అపరాధ పరిశోధన నవల, అలిగిన పాఠకుడు

తెలుగులో అపరాధ పరిశోధన నవల తొలినాళ్లలో బెంగాలీ అనువాదాలతో ఊపందుకుంది. పాంచ్‌కడీ దేవ్ రచనలు అందులో ముఖ్యమైనవి. తర్వాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు పాఠకుల నోళ్లలో నానారు. విజయనగరంలో చదువుకున్న కవి ఆరుద్ర కూడా 'పలకల వెండి గ్లాసు' రాశారు. కవులు చిన్నచూపు చూసే ఈ తరహా రచనను ఆయన అలా చూడలేదు.

ఇలాంటి నవల చదివే పాఠకుడు అలిగేది సాధారణంగా ఆఖరి అధ్యాయం దగ్గరే. అంతవరకు కథలో జాడే లేని మనిషి హంతకుడని తేలితే, డిటెక్టివ్ జేబులో దాచుకున్న ఆధారం అప్పుడే బయటికి తీస్తే, చదివినవాడికి మోసపోయినట్టే ఉంటుంది. ఈ బాధ తెలిసే ఇంగ్లండులో రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో పది నియమాలు పెట్టాడు: నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, దొరికిన ఆధారాలు పాఠకుడికీ చూపాలి. అంతకు మూడేళ్ల ముందే, 1926లో, అగాథా క్రిస్టీ 'రోజర్ ఆక్రాయిడ్ హత్య' నవలను ముగించిన తీరు కొందరికి మోసమనిపించింది. ఆ నవలే నేటికీ ఆమె ఉత్తమ రచనల్లో లెక్కకొస్తుంది.