ఓవర్‌డోస్ మరణాలు: కోటబొమ్మాళిలో ఒకరు చనిపోతే ఆ లెక్క ఎక్కడ తేలుతుంది? లెక్కకీ నిధులకీ లింకేంటి?

కుర్రాడు రాత్రి ఫ్రెండ్స్‌తో బయటికెళ్లొచ్చాడు. పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. ఊళ్లో అందరూ అనేది ఒకటే మాట.. 'నిద్రలోనే గుండె ఆగిపోయిందట'. అది గుండెపోటా, మందులో కలిపిన మాత్రలా, ఇంజెక్షనా అన్నది చాలాసార్లు ఎవరికీ తెలియదు. ఇంట్లోవాళ్లకి అనుమానం ఉన్నా బయటికి చెప్పరు. మరి అలాంటి చావు ప్రభుత్వ లెక్కల్లోకి ఎలా వెళ్తుంది? అసలు వెళ్తుందా? వెళ్లకపోతే నష్టం ఎవరికి?

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి అంటే కొత్తమ్మతల్లి జాతర గుర్తొస్తుంది. 2023లో వచ్చిన సినిమా పుణ్యమా అని ఇక్కడి పోలీస్ స్టేషన్ పేరు రాష్ట్రమంతా మోగిపోయింది. జాతీయ రహదారి 16 పక్కనే ఉన్న మండలం ఇది. ఒడిశా వైపు నుంచి వచ్చే బండ్లన్నీ ఇచ్ఛాపురం దాటి ఇదే దారిన పోతాయి. అందుకే ఈ హైవే మీద గంజాయి తనిఖీల వార్తలు మనకు కొత్త కాదు. కానీ పట్టుకున్న సరుకు లెక్క వేరు, పోయిన ప్రాణాల లెక్క వేరు. మొదటిది కిలోలతో సహా టీవీలో వస్తుంది. రెండోది ఎక్కడుందో చూద్దాం.

గంజాయి కాదు.. మాత్రలు, ఇంజెక్షన్లు

ముందు ఒక విషయం క్లియర్ చేసుకోవాలి. గంజాయి మనిషిని పాడు చేస్తుంది, మెదడు మీద దెబ్బ కొడుతుంది. కానీ ఒక్క గంజాయే ఎక్కువై ఊపిరి ఆగి చనిపోవడం చాలా చాలా అరుదు. ఓవర్‌డోస్‌లో ప్రాణం తీసేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఓపియాయిడ్లు.. అంటే హెరాయిన్, మార్ఫిన్‌తో పాటు నొప్పి మందులుగా దొరికే ట్రమడాల్, టాపెంటడాల్, బ్యుప్రెనార్ఫిన్ లాంటివి. రెండోది మత్తు, నిద్ర మాత్రలు.. అల్ప్రాజోలమ్, డయాజెపామ్ లాంటివి. ఈ రెండూ కలిసినా, వీటికి మద్యం తోడైనా మెదడు ఊపిరి తీసుకోమని చెప్పడం మానేస్తుంది. పెద్ద శబ్దం ఉండదు, గిలగిలా కొట్టుకోవడం ఉండదు. గురక పెట్టి పడుకున్నాడనే అనుకుంటారు.

ఇవి కొండల్లో పండేవి కావు, మెడికల్ షాపులో దొరికేవి. 2025 మార్చి 21న ఏపీ పోలీసు విభాగం 'ఈగల్', డ్రగ్స్ కంట్రోల్ అధికారులు కలిసి 'ఆపరేషన్ గరుడ' పేరుతో రాష్ట్రవ్యాప్తంగా మందుల షాపుల మీద దాడులు చేసింది అందుకే. అదే ఏడాది జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి పరిధిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అక్కడా మాట వచ్చింది అల్ప్రాజోలమ్ గురించే. కల్లు తాగి పోయారు అని రాస్తే అది ఎక్సైజ్ కేసు. మాత్ర వల్ల పోయారు అని రాస్తే అది ఓవర్‌డోస్. పేరు మారితే ఫైలు వెళ్లే ఆఫీసు కూడా మారిపోతుంది.

శవం నుంచి లెక్క దాకా..

కోటబొమ్మాళి మండలంలో ఒకరు ఇలా చనిపోయారనుకోండి. రెండు దారులుంటాయి.

మొదటి దారి.. ఇంట్లోనే పోయారు, ఎవరూ పోలీసులకు చెప్పలేదు, దహనం అయిపోయింది. 21 రోజుల్లోగా మరణం రిజిస్టర్ చేయించాలి. పల్లెల్లో ఆ పని పంచాయతీ కార్యదర్శిది. కారణం గడిలో ఇంట్లోవాళ్లు చెప్పిందే పడుతుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న మరణ నివేదిక ఫారంలో సిగరెట్ అలవాటు ఉందా, పొగాకు నమిలేవారా, వక్క, పాన్ మసాలా వేసేవారా, మద్యం తాగేవారా, ఎన్నేళ్ల నుంచి అని అడుగుతారు. మత్తు మాత్రలు, ఇంజెక్షన్ల గురించి గడి లేదు. అడగని ప్రశ్నకు జవాబు ఎక్కడి నుంచి వస్తుంది?

రెండో దారి.. ఆసుపత్రికి తీసుకెళ్లారు, లేదా ఎవరో ఫిర్యాదు చేశారు. అప్పుడది మెడికో లీగల్ కేసు అవుతుంది. పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద, పాత భాషలో సీఆర్‌పీసీ 174 కింద, అనుమానాస్పద మృతిగా నమోదు చేస్తారు. పంచనామా, తర్వాత పోస్ట్‌మార్టం. కళ్లతో చూస్తే ఓవర్‌డోస్ తేలదు. కడుపులో ఉన్నది, కాలేయం, కిడ్నీ ముక్కలు, రక్తం సీసాల్లో పెట్టి సీల్ వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపాలి. మన వైపు ప్రాంతీయ ల్యాబ్ విశాఖపట్నంలో ఉంది. రిపోర్టు వచ్చేదాకా డాక్టర్ తుది అభిప్రాయం ఇవ్వరు.

అసలు తిరకాసు ఇక్కడే. రిపోర్టు వచ్చేసరికి మరణం రిజిస్టర్ అయిపోయి ఉంటుంది. ల్యాబ్ కాగితం పోలీస్ స్టేషన్‌కి, అక్కడి నుంచి కోర్టు ఫైలుకి వెళ్తుంది. పంచాయతీ రిజిస్టర్‌లో ముందు రాసిన కారణాన్ని దిద్దడానికి మాత్రం మామూలుగా ఎవరూ వెనక్కి రారు. పోలీసుల దగ్గర ఒక నిజం, ఆరోగ్య శాఖ దగ్గర ఇంకో కాగితం.

'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అంటే కారణం కాదు

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దాని 10వ సెక్షన్ ప్రకారం డాక్టర్ చావుకు కారణం రాసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆసుపత్రిలో పోతే ఫారం 4, బయట పోతే ఫారం 4ఏ. 2023లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి ఆసుపత్రులు ఆ కారణ పత్రాన్ని రిజిస్ట్రార్‌కి పంపడంతో పాటు దగ్గరి బంధువుకి ఒక కాపీ ఇవ్వాలి.

కాగితం మీద బాగానే ఉంది. కానీ 2020లో దేశంలో రిజిస్టర్ అయిన మరణాల్లో డాక్టర్ కారణం రాసి ఇచ్చినవి 22.5 శాతమే. అంటే వందలో 77 మంది ఎందుకు పోయారో వైద్యపరంగా రికార్డే లేదు. రాసిన వాటిలో కూడా 'గుండె, ఊపిరి ఆగిపోవడం' అని రాసి వదిలేసేవి ఉంటాయి. ఎవరు చనిపోయినా చివరికి గుండె, ఊపిరి ఆగాల్సిందే కదా! అది చావు జరిగిన తీరు, చావుకు కారణం కాదు. అలా రాయొద్దని డాక్టర్లకిచ్చే సూచనల్లోనే ఉంది.

రాయాలనుకుంటే పద్ధతి ఉంది. ప్రపంచమంతా వాడే ఐసీడీ-10 కోడ్‌లలో పొరపాటున మందు ఎక్కువై పోతే ఎక్స్40 నుంచి ఎక్స్44 దాకా, కావాలని మింగితే ఎక్స్60 నుంచి ఎక్స్64 దాకా, ఏదో తేలకపోతే వై10 నుంచి వై14 దాకా ఉన్నాయి. ఈ తేడా చిన్నదేం కాదు. ఆత్మహత్య అయితే కావాల్సిన సాయం వేరు, అలవాటు వల్ల పొరపాటున పోతే వేరు.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా పోలీసు రికార్డుల నుంచి ప్రమాద మరణాలు, ఆత్మహత్యల లెక్క ఇస్తుంది. అందులో దేశం మొత్తం మీద ఓవర్‌డోస్ మరణాలు వందల్లోనే ఉంటాయి. మరోపక్క 2019 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ఏం చెప్పిందో చూడండి. దేశంలో ఓపియాయిడ్లు వాడేవారు సుమారు 2.26 కోట్లు, ఇంజెక్షన్ల ద్వారా డ్రగ్స్ తీసుకునేవారు దాదాపు 8.5 లక్షలు. ఇంతమంది వాడుతుంటే పోయేది వందల్లోనేనా? అమెరికాలో ఉన్నంత ఫెంటానిల్ మన దగ్గర లేదు కాబట్టి తేడా కొంత నిజమే కావొచ్చు. మొత్తం తేడాని దాని మీదే తోసేయడం మాత్రం కుదరదు.

పాముకాటు విషయంలో ఏం జరిగింది?

లెక్క తప్పితే ఎంత తప్పుతుందో రైతులకు బాగా తెలిసిన ఉదాహరణ ఇది. పాముకాటుతో ఏటా పోయేవారు ఆసుపత్రి లెక్కల్లో చాలా తక్కువ కనిపించేవారు. పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి, చనిపోయిన మనిషికి చివరి రోజుల్లో ఏమైంది, ఎక్కడ ఉన్నాడు, ఏం లక్షణాలు కనిపించాయని కుటుంబాన్ని అడిగి, ఆ వివరాలు డాక్టర్లకు చూపించి కారణం తేల్చారు. దీన్నే వెర్బల్ అటాప్సీ అంటారు. 2011లో ఫలితం బయటికొచ్చింది. ఏడాదికి సుమారు 46 వేల మరణాలు! ఆ తర్వాతి లెక్కలో ఏటా సగటున 58 వేలు. ఎక్కువగా పొలాల్లో, పల్లెల్లో. ఈ అంకెలు లేకపోతే 2024 మార్చిలో పాముకాటుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చేది కాదేమో. అదే ఏడాది నవంబర్‌లో పాముకాటు కేసులను తప్పనిసరిగా రిపోర్ట్ చేసేలా చూడాలని కేంద్రం రాష్ట్రాలకు రాసింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మన జిల్లాలోనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస.. ఈ మండలాల్లో జనం కిడ్నీలు పాడై పోతున్నారని ఊళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నాయి. అప్పట్లో అది 'మా ఊళ్లో చాలామంది పోతున్నారు' అనే మాటే తప్ప లెక్క కాదు. తర్వాత పద్ధతిగా రక్త, మూత్ర పరీక్షలతో సర్వే చేసినప్పుడు పెద్దల్లో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉందని, వాళ్లలో ఎక్కువమందికి షుగర్, బీపీ లాంటి తెలిసిన కారణాలు లేవని బయటపడింది. డయాలసిస్ రోగులకు పింఛను, 2023 డిసెంబర్ 14న ప్రారంభమైన పలాస కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి 700 కోట్లతో తాగునీటి పథకం.. ఇవన్నీ ఆందోళనల వల్ల కొంత, అంకెల వల్ల కొంత వచ్చాయి. జబ్బు మూలం ఇంకా పూర్తిగా తేలలేదు, అది వేరే కథ.

అమెరికా ఏం చేసింది?

ఓవర్‌డోస్ లెక్కకే విడిగా డబ్బు పెట్టిన దేశం అమెరికా. అక్కడ 2021, 2022, 2023 మూడేళ్లూ ఏటా లక్షకు పైగా జనం పోయారు. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2019 సెప్టెంబర్ నుంచి 'ఓవర్‌డోస్ డేటా టు యాక్షన్' పేరుతో రాష్ట్రాలకు, స్థానిక ఆరోగ్య విభాగాలకు నిధులిస్తోంది. మరణ పత్రం, శవపరీక్ష నివేదిక, రక్తంలో దొరికిన మందుల జాబితా.. మూడూ ఒకే చోట చేరుస్తారు. మన దగ్గర తెగిపోయిన తాడు ఉందే, సరిగ్గా దాన్నే వాళ్లు ముడేశారు.

దాని వల్ల ఏం తెలిసింది? చనిపోయినవారిలో దాదాపు మూడింట రెండొంతుల మంది విషయంలో కనీసం ఒక్కసారైనా ఆపగలిగే అవకాశం వచ్చింది. చాలా కేసుల్లో అదే ఇంట్లో, పక్క గదిలో మనిషి ఉన్నారు. జైలు నుంచో, చికిత్స కేంద్రం నుంచో ఈమధ్యే బయటికొచ్చినవాళ్లూ ఉన్నారు. అలవాటు తప్పిన ఒంటికి పాత డోసే విషం అవుతుంది కదా. పక్కనే మనిషి ఉన్నారని తెలిసింది కాబట్టే వాళ్ల చేతికి నలాక్సోన్ ఇవ్వాలనే వాదనకు బలం వచ్చింది. ఓపియాయిడ్ ప్రభావాన్ని నిమిషాల్లో తిప్పికొట్టే మందు అది. 2023 మార్చిలో ముక్కులో కొట్టే స్ప్రేని చీటీ లేకుండా అమ్మడానికి అక్కడ అనుమతిచ్చారు. 2024లో మరణాలు సుమారు 80 వేలకు తగ్గాయి. తగ్గడానికి కారణాలు చాలానే చెబుతున్నారు, లెక్క ఒక్కటే తగ్గించిందని ఎవరూ అనలేరు. అయినా 2025లో వైట్‌హౌస్ ఇచ్చిన బడ్జెట్ ప్రతిపాదనలో ఈ పని చూసే సీడీసీ విభాగాన్నే ఎత్తేయాలని ఉంది. చావులు తగ్గగానే ముందు కోత పడేది లెక్కపెట్టేవాళ్లకే అన్నమాట.

మన దగ్గర డబ్బు ఎటు పోతోంది?

నిధులు అసలు లేవని కాదు. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 7ఏ సెక్షన్ కింద జాతీయ నిధి ఉంది. అక్రమ రవాణా అడ్డుకోవడం, బానిసలైనవారిని గుర్తించడం, చికిత్స, పునరావాసం, అవగాహన.. దాని పనుల జాబితాలో ఇవన్నీ ఉన్నాయి. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో నశా ముక్త్ భారత్ అభియాన్ మొదలైంది. ర్యాలీలు, ప్రతిజ్ఞలు, డీ-అడిక్షన్ సెంటర్లు నడుస్తున్నాయి. చనిపోయినవాళ్లు ఏ మందుతో పోయారో తేల్చి, ఆ సమాచారాన్ని జిల్లా వైద్యాధికారికి చేర్చాలనే మాట మాత్రం 7ఏ జాబితాలో విడిగా కనిపించదు.

ఇందులో పెద్ద టెక్నాలజీ కూడా అక్కర్లేదు. ల్యాబ్‌లో కెమిస్ట్ పోస్టులు భర్తీ కావాలి, పరీక్ష కిట్లు ఉండాలి, రిపోర్టు వచ్చాక దాని కాపీ రిజిస్ట్రార్‌కి చేర్చే ఒక మనిషి జిల్లాలో ఉండాలి. టెక్కలి జిల్లా ఆసుపత్రికి, శ్రీకాకుళం రిమ్స్‌కి మత్తులో వచ్చి బతికి వెళ్లినవాళ్ల లెక్క కూడా పేర్లు లేకుండా రాసుకుంటే, చావుకి ముందే హెచ్చరిక దొరుకుతుంది. ఫలానా నెలలో ఫలానా మాత్ర కేసులు పెరిగాయంటే ఏ మందుల షాపుల సప్లై చూడాలో డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి తెలుస్తుంది. సప్లై ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు కట్టడి చేసినప్పుడు, అలవాటుపడ్డవాళ్లు మత్తు దొరక్క ఆసుపత్రుల్లో చేరారు, వింతగా ప్రవర్తించారు. ముందే లెక్క ఉంటే పడకలు, మందులు సిద్ధంగా పెట్టుకోవచ్చు.

ఇంట్లోవాళ్ల భయాలు.. నిజమెంత?

'నిజం చెబితే సర్టిఫికెట్ మీద డ్రగ్స్ అని పడుతుంది, చెల్లి పెళ్లి ఏం కాను?' అని భయపడతారు. మనం ఆఫీసుల్లో చూపించే మరణ ధ్రువీకరణ పత్రంలో పేరు, తేదీ, చోటు ఉంటాయి. చావుకు కారణం అందులో ముద్రించరు. అది వేరే ఫారంలో, గణాంకాల కోసం వెళ్తుంది.

బతికున్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే జైల్లో వేస్తారన్నది ఇంకో భయం. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం తక్కువ మొత్తంలో లేదా వాడకానికి సంబంధించిన నేరం ఉన్న వ్యసనపరుడు తనంతట తానే గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకి వస్తే విచారణ నుంచి మినహాయింపు ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు తీసేయొచ్చు.

ఎవరైనా పిలిచినా లేవకుండా, నెమ్మదిగా ఊపిరి తీస్తూ, గొంతులో గరగర శబ్దంతో, పెదాలు నీలంగా మారి, కంటిపాప సూదిమొనలా కనిపిస్తే నిద్ర అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పు నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఏం మింగారో తెలిస్తే ఖాళీ స్ట్రిప్, సీసా, సిరంజి కవర్ చుట్టి డాక్టర్‌కి ఇవ్వండి. నలాక్సోన్ ఓపియాయిడ్లకే పనిచేస్తుంది, అల్ప్రాజోలమ్‌కి పనిచేయదు. అందుకే ఆ స్ట్రిప్ మీద పేరు ముఖ్యం.

మత్తు అలవాటు మాన్పించడానికి సలహా కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక ఒత్తిడికి టెలీ మానస్ 14416. డ్రగ్స్ అమ్మకాల సమాచారం ఇవ్వాలంటే రాష్ట్రంలో ఈగల్ నంబర్ 1972. ఆసుపత్రిలో మరణం జరిగితే, కారణ పత్రం కాపీ ఇంకా ఇవ్వకపోతే, దగ్గరి బంధువు దాన్ని అడిగి తీసుకోవచ్చు.