గాజాకు డబ్బు సాయం పంపాలంటే ఏం చూసుకోవాలి?

రంజాన్ దగ్గర పడితే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్‌లు మొదలవుతాయి. గాజా పిల్లల ఫొటో, కింద ఒక కోడ్, పది మందికి పంపితే సవాబ్ అని ఒక మాట. పోయినసారి మా ఖాలా అలాంటిదే స్కాన్ చేయమని ఫోన్ నా చేతికిచ్చింది. చేస్తే తెర మీద కనిపించింది సంస్థ పేరు కాదు, ఎవరో ఒక మనిషి పేరు. అక్కడే ఆపేశాం. యూపీఐలో డబ్బు కొట్టే ముందు వచ్చే ఆ పేరే మొదటి పరీక్ష. విదేశీ సంస్థ పేరు చెప్పి ఎవరిదో సొంత యూపీఐ ఐడీ ఇస్తే దూరంగా ఉండండి.

ఎవరికి ఇవ్వొచ్చు?

గాజాలో అన్నిటికన్నా పాత, పెద్ద వ్యవస్థ యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ. పాలస్తీనా శరణార్థుల కోసమే ఐక్యరాజ్యసమితి 1949లో దీన్ని ఏర్పాటు చేసింది, 1950 మేలో పని మొదలైంది. బడులు, క్లినిక్‌లు నడుపుతుంది. మన భారత ప్రభుత్వం కూడా ఏటా 50 లక్షల డాలర్లు ఇస్తూ వచ్చింది. అయితే ఇజ్రాయెల్ పార్లమెంటు దీనికి వ్యతిరేకంగా చేసిన చట్టాలు 2025 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చాయి. సరుకు లోపలికి తేవడం దానికి చాలా కష్టమైంది.

తిండికి ప్రపంచ ఆహార కార్యక్రమం (డబ్ల్యూఎఫ్‌పీ), పిల్లలకు యూనిసెఫ్, అంబులెన్సులకు పాలస్తీనా రెడ్ క్రెసెంట్ ఉన్నాయి. చాలామంది యూఎన్‌హెచ్‌సీఆర్ కూడా గాజాలో పనిచేస్తుందనుకుంటారు. అది వేరే దేశాల శరణార్థులను చూస్తుంది, గాజా దాని పరిధిలో లేదు.

ఇంకో సంగతి. 2025 మార్చి 2 నుంచి సుమారు 11 వారాలు గాజాలోకి ఏ సరుకూ వెళ్లనివ్వలేదు. అదే ఏడాది ఆగస్టు 22న గాజా నగరం ఉన్న గవర్నరేట్‌లో కరువు ఉందని ఐపీసీ నిర్ధారించింది. ఎవరు లోపల పనిచేయగలుగుతున్నారు అన్నది మారుతూనే ఉంటుంది. అందుకే సంస్థ సైట్‌లో విరాళం బటన్ కన్నా ముందు తాజా నివేదిక ఏ తేదీదో చూడండి. బట్టలు, మందులు మూటకట్టి పంపే ఆలోచన వదిలేయండి, సరిహద్దు తనిఖీ దాటేది సంస్థల సరుకే.

డబ్బు ఎలా వెళ్తుంది?

విదేశీ సంస్థకు నేరుగా ఇవ్వడం చట్టబద్ధమే. రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక మనిషి ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు, విరాళాలు కూడా అందులోకే వస్తాయి. పాన్ తప్పనిసరి. మొత్తం 10 లక్షల రూపాయలు దాటితే పైదాని మీద 20 శాతం టీసీఎస్ కోస్తారు. మన ఇళ్లలో ఆ మాట దాకా వెళ్లేవాళ్లు తక్కువే లెండి.

కార్డుతో కట్టేవాళ్లు ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకోవాలి, లేకపోతే పేమెంట్ ఫెయిల్ అవుతుంది. మార్కప్ లెక్క కూడా చూసుకోండి. 3.5 శాతం ఉంటే 5,000 రూపాయలకు 175, దాని మీద జీఎస్టీ 31.50, మొత్తం 206 రూపాయల 50 పైసలు బ్యాంకుకే పోతుంది. బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కైతే చార్జీ విడిగా పడుతుంది, చిన్న మొత్తాలకు అది అస్సలు గిట్టుబాటు కాదు. ఇంట్లో నలుగురూ కలిపి ఒకేసారి పంపితే నయం.

పన్ను మినహాయింపు ఆశ పెట్టుకోవద్దు. 80జి మన దేశంలో నమోదైన సంస్థలకిచ్చే విరాళానికే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. రెండు వేలు దాటిన నగదుకు అదీ లేదు. ఇక ఊళ్లోని ట్రస్టు గాజా పేరున వసూలు చేస్తుంటే ఒక ప్రశ్న అడగండి: ఏ అనుమతితో, ఏ బ్యాంకు ద్వారా బయటికి పంపుతున్నారు? మన ట్రస్టులకు ఆదాయపు పన్ను మినహాయింపు మామూలుగా దేశం లోపల ఖర్చుపెట్టినదానికే, బయట పెట్టాలంటే ప్రత్యేక ఆమోదం కావాలి. మంచి సంస్థ అయితే కాగితం చూపిస్తుంది, కోప్పడదు.

జకాత్ అయితే?

జకాత్ ఖాతా, మామూలు సదఖా ఖాతా విడిగా ఉన్న సంస్థనే ఎంచుకోండి, కట్టేటప్పుడు జకాత్ అని గుర్తు పెట్టండి. ఫిత్రా ఈద్ నమాజుకు ముందే పేదలకు చేరాలి కాబట్టి దాన్ని దూరం పంపాలంటే చాలా ముందే పంపాలి. బ్యాంకు చార్జీ జకాత్‌లో కలుస్తుందా అన్నది మీ ఆలిమ్‌ని అడగండి. నేనైతే చార్జీ విడిగా నా జేబులోంచి వేస్తాను.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు

కడప నుంచి కువైట్‌లో, హైదరాబాద్ నుంచి సౌదీలో ఉన్న అన్నదమ్ములకు ఇది మరీ ముఖ్యం. సౌదీలో కింగ్ సల్మాన్ సహాయ కేంద్రం నడిపే సాహెమ్ వేదిక ఉంది, గాజా కోసం 2023 నవంబర్‌లో అక్కడ ప్రత్యేకంగా సేకరణ మొదలైంది. యూఏఈలో 2021 చట్టం ప్రకారం వ్యక్తులు సొంతంగా చందాలు వసూలు చేయకూడదు, పట్టుబడితే భారీ జరిమానా. రూమ్‌లో పదిమంది దగ్గర పోగుచేసి ఎవరి చేతికో ఇవ్వడం కూడా అందులోకే రావొచ్చు. ఎవరి ఫోన్ నుంచి వాళ్లే లైసెన్సు ఉన్న సంస్థకు కట్టి, రసీదు దాచుకోండి.