అండాశయ కణితులు – హార్మోన్ల ప్రభావం: వివరణల చరిత్ర

1. ఉపోద్ఘాతం:
అండాశయ కణితులలో కొన్ని స్వయంగా హార్మోన్లను స్రవిస్తాయి. ఈస్ట్రోజెన్ అధికమైతే బాలికలు పసితనంలోనే రజస్వలలవుతారు. ముట్లుడిగిన స్త్రీలలో మళ్ళీ రక్తస్రావం కనిపిస్తుంది. ఆండ్రోజెన్లు అధికమైతే ఋతుస్రావం ఆగి, గడ్డం మొలిచి, గొంతు బొంగురుపోతుంది. ఈ మార్పులకు కారణాన్ని ఏ కాలంవారు ఎక్కడ వెతికారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రాచీన గ్రీకు సాక్ష్యం:
హిప్పోక్రటీసు పేరిట ప్రసిద్ధమైన వైద్యగ్రంథాలలో ‘ఎపిడెమిక్స్’ ఒకటి. దాని ఆరవ భాగంలో అబ్డెరా నగరానికి చెందిన ఫేథూసా ప్రస్తావన ఉంది. అంతకుముందు బిడ్డలను కన్న ఆమెకు, భర్త ప్రవాసం వెళ్ళిన తరువాత ఋతుస్రావం ఆగిపోయింది. ఒళ్ళంతా రోమాలు, ముఖాన గడ్డం వచ్చాయి; గొంతు మారింది. ఋతుస్రావాన్ని రప్పించే చికిత్సలు ఫలించక ఆమె మరణించింది. ఆమె వ్యాధి అండాశయ కణితో, ఎడ్రినల్ గ్రంథి కణితో ఈ కథనాన్ని బట్టి నిర్ధారించలేం. అయితే లక్షణాల నమోదు నిశితంగా ఉంది. కథనం మాత్రం వాటిని భర్త ఎడబాటుతో జోడించింది.

3. లక్షణం నుండి కణానికి:
నేడు గ్రాన్యులోసా కణాల కణితిగా వ్యవహరిస్తున్నదానిని 1855లో రోకిటాన్‌స్కీ మొదట వర్ణించాడు. అప్పటికి ‘హార్మోన్’ అనే మాటే లేదు. దానిని 1905లో స్టార్లింగ్ ప్రయోగించాడు. 1923లో ఎలెన్, డోయిసీలు అండపుటికల ద్రవంలో హార్మోన్ ఉందని నిరూపించారు. 1929లో ఈస్ట్రోన్ శుద్ధరూపంలో లభించింది. దీనితో కణితికీ దేహంలోని మార్పులకూ మధ్య ఉన్న రసాయనిక సంబంధాన్ని వివరించడం సాధ్యమైంది.

1930 ప్రాంతంలో రాబర్ట్ మేయర్ పురుషలక్షణాలు కలిగించే కణితికి ‘అర్రినోబ్లాస్టోమా’ అని పేరుపెట్టాడు. గ్రీకులో ‘అర్రెన్’ అంటే మగ. కానీ ఈ రకం కణితులన్నీ ఆండ్రోజెన్లను స్రవించవు; కొన్ని ఏ హార్మోన్ ప్రభావాన్నీ చూపవు, కొన్ని ఈస్ట్రోజెన్‌ను స్రవిస్తాయి. అందువల్ల కణాల స్వభావాన్ని సూచించే ‘సెర్టోలీ-లైడిగ్ కణాల కణితి’ అనే పేరు స్థిరపడింది.

4. ముగింపు:
ఫేథూసా కథలో భర్త, మేయర్ పెట్టిన పేరులో మగతనం – రెండుచోట్లా స్త్రీ వ్యాధికి కొలమానం పురుషుడే. కణం పేరుతో పిలవడం వల్ల వ్యాధి స్త్రీత్వానికి లోపంగా గాక వ్యాధిగానే నిలుస్తుంది. అవాంఛిత రోమాలకు కారణం చాలావరకు కణితి కాదు. కానీ ఈ మార్పులు కొద్దినెలల్లో తీవ్రమైతే పరీక్ష తప్పనిసరి. కణితిని తొలగించాక ఋతుక్రమం తిరిగి రావచ్చు. మారిన గొంతు మాత్రం తరచు పూర్తిగా మునుపటిలా కాదు. ‘మగరాయుడు’ అన్న ఎగతాళికి వెరచి దాచుకున్న లక్షణం చికిత్సను ఆలస్యం చేస్తుంది. వైద్యచరిత్రలో పేర్ల మార్పును భాషా పరిశోధకులు పట్టించుకోవలసింది ఇందుకే.