ఎత్తు వేసేదెవరు?

1932 డిసెంబరు 18న షికాగోలో చలి ఎంత ముదిరిందంటే, నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ తన ఆఖరి మ్యాచ్‌ను ఆరుబయట నుంచి పైకప్పున్న షికాగో స్టేడియంలోకి మార్చుకోవాల్సి వచ్చింది. నూరు గజాల మైదానం ఆ హాలులో పట్టలేదు, ఎనభై గజాలకు కుదించారు. అంతకు కొద్దిరోజుల ముందు సర్కస్ ఆడిన మట్టినేల మీదే షికాగో బేర్స్, పోర్ట్స్‌మత్ స్పార్టన్స్ తలపడ్డాయి. ఆ ఏడు పట్టికలో రెండూ సమానంగా నిలవడంతో విజేతను తేల్చడానికి అదనంగా పెట్టిన ఆట అది. స్పార్టన్స్ ప్రధాన ఆటగాడు డచ్ క్లార్క్ అయితే అసలు రానేలేదు; ఒక కాలేజీలో బాస్కెట్‌బాల్ కోచ్ ఉద్యోగం ఒప్పుకుని వెళ్లిపోయాడు. వృత్తి ఫుట్‌బాల్‌కు అప్పట్లో ఉన్న విలువ అంతే. ఆఖరి పావు దాకా ఎవరికీ ఒక్క పాయింటూ రాలేదు. అప్పుడు బేర్స్ ఆటగాడు బ్రాంకో నగర్‌స్కీ బంతితో గీత మీదికి దూసుకుపోతున్నట్టు కనిపించి, ఠక్కున ఆగి, రెడ్ గ్రేంజ్‌కు పాస్ విసిరాడు. టచ్‌డౌన్. బేర్స్ 9-0తో గెలిచింది. పాస్ విసిరేవాడు ఆ డౌన్ మొదలైన గీతకు ఐదు గజాలు వెనక ఉండాలన్నది నాటి నిబంధన. నగర్‌స్కీ అంత వెనక లేడని స్పార్టన్స్ గగ్గోలు పెట్టినా రిఫరీలు వినలేదు. మరుసటి ఏడే లీగ్ ఆ నిబంధనను ఎత్తేసింది, జట్లను రెండు డివిజన్లు చేసి వాటి విజేతల మధ్య ఏటా ఫైనల్ పెట్టింది. ప్లేఆఫ్ ఆట, ఆ ఆటలో వేసిన ఎత్తు మీద తగాదా, రెండూ ఒకే రాత్రి మొదలయ్యాయి.

ఈ ఆటతో పరిచయం లేనివాళ్లకు ఒక్క ముక్క. మనం ఎరిగిన ఫుట్‌బాల్‌లా ఇది ఎడతెగకుండా సాగదు. పది గజాలు ముందుకు జరగడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి, ఒక్కో అవకాశం ఒక డౌన్. ప్రతి డౌన్‌కూ ముందు ఆట ఆగుతుంది. పదకొండు మందిలో ఎవరు ఎటు పరుగెత్తాలో, బంతి ఎవరి చేతికి పోవాలో అప్పుడే నిర్ణయిస్తారు. ఆ నిర్ణయాన్నే ప్లే అంటారు, అలా ఎత్తు వేయడాన్ని ప్లేకాలింగ్ అంటారు. ఒక మ్యాచ్‌లో జట్టు అరవై డెబ్బై సార్లు ఇలా ఎత్తు వేస్తుంది కాబట్టి ఓడిన జట్టు అభిమానికి తప్పు పట్టడానికి చోట్లకు కొదవ లేదు. అక్కడ పాస్ ఎందుకు విసిరారు, పరుగు పెట్టాల్సింది కదా, నాలుగో డౌన్‌లో బంతిని తన్నేసి ఎందుకు చేతులెత్తేశారు, ఇలా ఆడితే ప్లేఆఫ్‌కు ఏం వెళ్తాం: అమెరికాలో శరత్కాలం నుంచి జనవరి దాకా ప్రతి సోమవారం వినిపించే సణుగుడు ఇది. దాన్ని ఊసుపోని కబుర్ల కింద కొట్టిపారేయడం తేలిక. కానీ ఈ ఆట చరిత్ర చూస్తే ఆ సణిగే హక్కును అభిమానికి ఇచ్చింది ఆటే అనిపిస్తుంది. ఎత్తు వేసే అధికారం ఆటగాడి చేతి నుంచి కోచ్ చేతికి మారింది. ప్లేఆఫ్ వాకిలి ఏళ్ల తరబడి వెడల్పవుతూ వచ్చింది. ఈ రెండు మార్పులూ లేకపోతే ఆ సణుగుడుకు పస ఉండేది కాదు.

మొదట్లో ఆట నడుస్తుండగా కోచ్‌కు నోరు విప్పే అధికారమే లేదు. ఈ ఆట కాలేజీల్లో పుట్టింది, దాంతోపాటు ఒక నమ్మకమూ వచ్చింది: వారమంతా నేర్పడం కోచ్ పని, మ్యాచ్‌లో బుర్ర వాడడం కుర్రాళ్ల పని. గట్టు మీద నుంచి సలహా అందించడం నేరం. ఆటగాళ్లను మార్చుకోవడం మీద కూడా గట్టి ఆంక్షలుండేవి, అందువల్ల కోచ్ కబురు మోసుకెళ్లే మనిషి కూడా దొరికేవాడు కాదు. ఎత్తు క్వార్టర్‌బ్యాక్, అంటే మైదానంలో బంతి అందుకుని ఆట నడిపేవాడు, వేసేవాడు; మంచిచెడ్డలు అతనివే. బెంచి నుంచి కోచింగ్‌ను నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అనుమతించింది 1944లో. ఆటగాళ్లు యుద్ధానికి తరలిపోయి జట్లు పలచబడిన 1943లో మార్పిడి ఆంక్షలను సడలించారు, 1946లో మళ్లీ బిగించారు, చివరికి 1950లో శాశ్వతంగా ఎత్తేశారు. ఎన్ని సార్లయినా, ఎవరినైనా లోపలికి పంపొచ్చు, బయటికి పిలవొచ్చు అన్న ఆ వెసులుబాటు మొదట అలసిన ఆటగాళ్లకు విశ్రాంతి కోసమే. అది కోచ్‌ల చేతికి పగ్గాలిస్తుందని ఎక్కువమంది ఊహించి ఉండరు.

ఆ సందు కనిపెట్టినవాడు పాల్ బ్రౌన్. ఒహాయోలో హైస్కూలు కోచ్‌గా పేరు తెచ్చుకుని, 1946లో తన పేరుతోనే వెలసిన క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను చేపట్టాడు. ఆటగాళ్లకు నోటుపుస్తకాలిచ్చి పరీక్షలు పెట్టిన మనిషి. గార్డు స్థానంలో ఆడే ఇద్దరిని మార్చి మార్చి లోపలికి పంపుతూ, ప్రతి ఎత్తూ తన నోటి నుంచే క్వార్టర్‌బ్యాక్ ఆటో గ్రేహమ్‌కు చేరేలా ఏర్పాటు చేశాడు. గ్రేహమ్‌కు ఇది నచ్చలేదు; ఎదుటివాళ్ల కదలిక కళ్లారా చూసేది తానైతే నిర్ణయం గట్టు మీది మనిషిదా అన్నది అతని బాధ. ఫలితాలు మాత్రం బ్రౌన్ వైపే నిలిచాయి. 1946 నుంచి 1955 దాకా పదేళ్లూ జట్టు ఫైనల్ ఆడింది, ఏడుసార్లు గెలిచింది. గ్రేహమ్ రిటైరయ్యాక 1956లో బ్రౌన్ ఇంకో అడుగు వేసి జార్జ్ రాటర్‌మన్ హెల్మెట్‌లో రేడియో పెట్టించాడు. కొద్ది మ్యాచ్‌లు తిరగకుండానే లీగ్ కమిషనర్ బెర్ట్ బెల్ దాన్ని నిషేధించాడు. క్రికెట్ అభిమానులకు ఇలాంటిదే ఒకటి గుర్తుండే ఉంటుంది. 1999 ప్రపంచకప్‌లో హోవ్‌లో భారత్‌తో ఆడుతూ దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే చెవిలో పరికరం పెట్టుకుని కోచ్ బాబ్ వూల్మర్ మాటలు వింటుంటే మ్యాచ్ మధ్యలోనే తీయించారు. క్రికెట్ అక్కడ గీత గీసింది. అమెరికన్ ఫుట్‌బాల్ తను గీసిన గీతను నలభై ఏళ్లు నిండకుండానే చెరిపేసుకుంది.

ఈ లోపు పాత పద్ధతి తన గొప్ప రోజులు చూసింది. 1958 డిసెంబరు 28న యాంకీ స్టేడియంలో బాల్టిమోర్ కోల్ట్స్, న్యూయార్క్ జెయింట్స్ మధ్య ఫైనల్ 17-17 దగ్గర ఆగి అదనపు సమయానికి వెళ్లింది. కోల్ట్స్ బంతిని గోల్ గీతకు పది గజాల లోపుకు తెచ్చింది. ఫీల్డ్ గోల్ తన్నితే చాలు, కప్పు వాళ్లదే. క్వార్టర్‌బ్యాక్ జానీ యునైటస్ తన్నించలేదు. పక్కగీత వైపు జిమ్ మచెల్లర్‌కు పాస్ విసిరాడు. అది ఎదుటివాళ్ల చేతిలో పడితే అటు వైపు అడ్డు ఎవరూ లేరు. మచెల్లర్ పట్టుకుని ఒక గజం దూరానికి చేరాడు, మరుసటి ఎత్తుకు అలన్ అమీచీ దూరిపోయాడు. 23-17. ఆ పాస్ కోచ్ వీబ్ యూబ్యాంక్ చెప్పింది కాదు, యునైటస్ సొంతం. అందుకే అది నేటికీ ధైర్యానికి ఉదాహరణగా నిలిచింది. దెబ్బలు తింటున్నవాడు తీసుకున్న నిర్ణయాన్ని టికెట్టు కొని కూర్చున్నవాడు గట్టిగా ప్రశ్నించలేడు. ఒక్కోసారి చరిత్ర వెటకారంగా నడుస్తుంది: బ్రౌన్ దగ్గర కబురు మోసిన గార్డుల్లో ఒకడైన చక్ నోల్ పెద్దయ్యాక పిట్స్‌బర్గ్ స్టీలర్స్ కోచ్ అయ్యాడు, తన క్వార్టర్‌బ్యాక్ టెరీ బ్రాడ్‌షాను సొంతంగా ఎత్తులు వేసుకోనిచ్చాడు. ఆ ఇద్దరూ కలిసి నాలుగు సూపర్ బౌల్స్, అంటే నాలుగు ఫైనల్స్, గెలిచారు.

అయినా కాలం బ్రౌన్ వైపే నడిచింది. ఇవాళ తెలుగువాళ్లు దండిగా ఉన్న డాలస్‌లో అప్పటి కౌబాయ్స్ కోచ్ టామ్ లాండ్రీ ఈ పద్ధతిని అంచుదాకా లాగాడు. 1971 అక్టోబరు 31న షికాగోలో బేర్స్ మీద ఆడుతూ క్రెయిగ్ మార్టన్, రోజర్ స్టాబక్ అనే ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను ఎత్తుకొకరు చొప్పున లోపలికి పంపాడు. క్వార్టర్‌బ్యాక్‌ను పోస్టుమాన్ చేశాడన్నమాట. 23-19తో ఓడిపోయాడు. తర్వాత స్టాబక్‌నే ఖాయం చేశాక జట్టు వరసగా పది గెలిచి సూపర్ బౌల్ ఎత్తుకుంది. ఎత్తులు వేయడం మాత్రం లాండ్రీ వదులుకోలేదు. సిన్సినాటిలో బ్రౌన్ కింద పనిచేసిన బిల్ వాల్ష్ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, మ్యాచ్‌లో మొదటి పాతిక ఎత్తులను ముందే కాగితం మీద రాసుకుని వచ్చేవాడు. 1994లో హెల్మెట్ రేడియోకు లీగ్ తలుపు తీసింది. ప్లే క్లాక్‌లో పదిహేను సెకన్లు మిగిలేసరికి ఆ రేడియో మూగబోతుంది, అంతవరకూ క్వార్టర్‌బ్యాక్ చెవిలో కోచ్ గొంతే. పెద్ద అట్ట చేత్తో పట్టుకుని, పెదవులు కనబడకుండా దాన్ని నోటికి అడ్డం పెట్టుకునే కోచ్‌ను టీవీ ప్రతి డౌన్‌కూ చూపిస్తుంది.

ఇక ప్లేఆఫ్. 1933 నుంచి 1966 దాకా పట్టికలో సమమైతే తప్ప రెండు జట్లకే చోటు; మిగతావాళ్ల అభిమానులకు నవంబరు నాటికే సీజన్ అయిపోయేది. 1967లో నాలుగయ్యాయి. 1970లో పోటీ లీగ్‌ను కలుపుకున్నాక డివిజన్ గెలవని జట్టుకూ చోటిచ్చే వైల్డ్ కార్డ్ పద్ధతి వచ్చి ఎనిమిదయ్యాయి. 1978లో పది, 1990లో పన్నెండు, 2020 నుంచి ముప్పై రెండింటిలో పద్నాలుగు. వాకిలి వెడల్పయితే ఒక్కో ఎత్తు బరువు తగ్గాలి కదా అనొచ్చు. బలమైన జట్ల విషయంలో అది నిజమే. కానీ ఎక్కువ జట్లు ఉండేది పట్టిక మధ్యలో. మొత్తం మ్యాచ్‌లు పదిహేడే (2021కి ముందు పదహారు) కాబట్టి అక్కడ లోపలికీ బయటికీ మధ్య తేడా ఒక్క గెలుపు, ఒక్కోసారి అదీ కాదు, సమమైనవాళ్లను విడదీసే లెక్క. అలా గుమ్మం దాటినవాళ్లు ఊరికే వచ్చి పోవడం లేదు. 2010 సీజన్లో సియాటిల్ సీహాక్స్ ఏడు గెలిచి తొమ్మిది ఓడి కూడా డివిజన్ విజేతగా లోపలికి వచ్చింది, అప్పటి చాంపియన్ న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌ను ఇంటికి పంపింది. అదే సీజన్లో లీగ్‌లో తన సగం నుంచి ఆఖరి స్థానంతో ప్లేఆఫ్ చేరిన గ్రీన్‌బే ప్యాకర్స్ సూపర్ బౌల్ గెలిచింది. అక్టోబరులో ఒక తప్పుడు ఎత్తు జనవరిని మింగేస్తుందని అభిమాని అంటే అందులో అతి ఏమీ లేదు.

ఒడ్డున కూర్చుని ఈత పాఠాలు ఎన్నైనా చెప్పొచ్చు అని ఆటగాళ్లు, కోచ్‌లు అంటారు. గట్టి ఆక్షేపణే. యునైటస్ కాలంలో అయితే అది తిరుగులేనిది. కానీ పగ్గాలు కోచ్ చేతికి వచ్చాక ఎత్తు వేసేవాడు కూడా ఒడ్డునే ఉన్నాడు. అతనికి వారం రోజుల సన్నాహం ఉంది, మ్యాచ్ వీడియోలున్నాయి, సహాయకులున్నారు, దెబ్బలు తగలవు. అభిమానికి తెలియనివి చాలా ఉంటాయన్నది నిజం: ఎవరి మోకాలు నొప్పిగా ఉంది, ఏ ప్లే సాధన చేశారు, ఎదుటివాళ్లు ఏ వ్యూహంలో నిలబడ్డారు. అందువల్ల ఒక ప్లే అల్లిక గురించి అతను తీర్పు చెప్పలేడు. పాసా పరుగా, తన్నాలా ముందుకు పోవాలా అన్నది వేరు. ఎన్నో డౌన్, ఎన్ని గజాలు, ఎంత సమయం, ఎన్ని టైమవుట్లు అన్నవి అందరి ముందూ ఉంటాయి. వాటితో లెక్క వేయొచ్చని 1971లో చూపించినవాడు సాక్షాత్తూ ఒక క్వార్టర్‌బ్యాక్, సిన్సినాటి బెంగాల్స్‌కు ఆడిన వర్జిల్ కార్టర్. రాబర్ట్ మాకల్‌తో కలిసి పరిశోధన వ్యాసమే రాశాడు. బర్క్‌లీ ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ 2006లో ప్రచురించిన వ్యాసంలో నాలుగో డౌన్‌లో కోచ్‌లు అతిగా తన్నుతున్నారని, ముందుకు పోవాల్సినచోట వెనకడుగు వేస్తున్నారని తేల్చాడు. అంటే గ్యాలరీలో 'పోండి, పోండి' అని అరిచినవాడు ఎన్నో ఏళ్లు ఒప్పు, జీతం తీసుకున్నవాడు తప్పు. గత కొన్నేళ్లుగా జట్లు నాలుగో డౌన్‌లో తెగించడం బాగా పెరిగింది.

అభిమాని బోల్తా పడేది ఫలితం దగ్గర. 2015 ఫిబ్రవరి 1న సూపర్ బౌల్ చివర్లో సీహాక్స్ నాలుగు పాయింట్లు వెనక ఉంది, బంతి గోల్ గీతకు ఒక గజంలో ఉంది, రెండో డౌన్, ఇరవై ఆరు సెకన్లు, ఒకే టైమవుట్. పక్కన మార్షాన్ లించ్ వంటి మొండి పరుగువీరుడు ఉండగా పాస్ విసిరారు, న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ కుర్రాడు మాల్కం బట్లర్ లాక్కున్నాడు. చరిత్రలో అంత చెత్త ఎత్తు లేదని దేశమంతా తిట్టింది, కోచ్ పీట్ కారల్ తప్పు తనదేనన్నాడు. లెక్క చూడండి. మూడుసార్లూ పరుగే పెట్టడానికి ఆ సమయం చాలదు; మధ్యలో ఒక పాస్ ఉంటే, అది నేల పడినా గడియారం ఆగి మూడు ప్రయత్నాలూ దక్కుతాయి. ఆ సీజన్లో ఒక గజం నుంచి లీగ్ మొత్తం మీద విసిరిన వందకు పైగా పాస్‌లలో అంతవరకూ ఒక్కటీ ఎదుటివాళ్లకు చిక్కలేదు. మనుషులు కిక్కిరిసిన మధ్యలోకి విసరాలా అని వాదించండి, ఒప్పుకుంటాను. 2009 నవంబరులో ఇండియానాపొలిస్‌లో పేట్రియట్స్ కోచ్ బిల్ బెలిచిక్ ఆరు పాయింట్ల ఆధిక్యంతో, తన సొంత ఇరవై ఎనిమిదో గజం దగ్గర నాలుగో డౌన్‌లో రెండు గజాల కోసం తెగించి 35-34తో ఓడినప్పుడూ తిట్లే. 2018 సూపర్ బౌల్‌లో అదే బెలిచిక్ మీద ఫిలడెల్ఫియా క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్ నాలుగో డౌన్‌లో ఒక గారడీ ప్లే అడిగాడు, కోచ్ డగ్ పీడర్సన్ సరేనన్నాడు, ఫోల్సే టచ్‌డౌన్ పట్టాడు, ఊరు పండగ చేసుకుంది. ఆ బంతి జారి ఉంటే పీడర్సన్‌నూ ఇలాగే ఉతికేవాళ్లు. నా మట్టుకు పీడర్సన్ ఒప్పు. బెలిచిక్ ఒప్పు. పాస్ వేద్దామన్నంత వరకూ కారల్ కూడా ఒప్పే. 1971లో షికాగోలో ఎత్తుకొక క్వార్టర్‌బ్యాక్‌ను మార్చి, ఎదుటివాళ్ల ఆట చదివే వ్యవధి ఇద్దరికీ లేకుండా చేసిన లాండ్రీది మాత్రం తప్పు. ఆ మ్యాచ్ గెలిచి ఉన్నా తప్పే.