కువైట్‌లో టీ ఆకుల పెంపకం: తులసి, పుదీన, నిమ్మగడ్డి, మరువం

కువైట్‌లో నివసించే తెలుగువారిలో ఎక్కువమంది కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుండి, ఉభయ గోదావరి జిల్లాల నుండి పనికై వెళ్ళినవారు. వారిలో చాలామందికి సొంత పెరడు లేదు. మేడ మీద నాలుగు కుండీలు, లేదా యజమాని ఇంటి గోడ పక్కన ఒక మూల, అంతే. అయినా ఆ కొద్ది చోటులోనే కొందరు తులసి, పుదీన, నిమ్మగడ్డి, మరువం పెంచి, ఆకులను ఆరబెట్టి టీకి దాచుకుంటారు.

మలయా రబ్బరు తోటలో, లైను ఇళ్ళ వెనుక మా అమ్మ పెంచిన గడ్డిని మేము మలయా మాటతో సెరై అనే పిలిచేవారము. దాని పేరు నిమ్మగడ్డి అని నాకు తెలిసినది కువైట్‌లో, ఒక కడప ఇల్లాలి నోట.

తెలుగును తిరిగి నేర్చుకుంటున్నవారు ఇక్కడ రెండు మాటలను గమనించాలి. ఎండలో ఉంచి తేమ పోగొట్టడం ఎండబెట్టడం. నీడలో, గాలికి ఉంచి తేమ పోగొట్టడం ఆరబెట్టడం. మిరపకాయలను ఎండబెడతాము, తడి బట్టలను ఆరబెడతాము. టీ ఆకులను ఆరబెట్టాలే గాని ఎండబెట్టకూడదు. ఈ భేదం తెలియక నేను మొదటి ఏడు ఒక బుట్టెడు తులసిని మే నెలలో మేడపై పరచాను. సాయంత్రానికి ఆకు నల్లబడినది, నలిపితే గడ్డి వాసన తప్ప మరేమీ రాలేదు. ఆకు సువాసన అందులోని నూనెది. తీవ్రమైన వేడికి ఆ నూనె ఆవిరైపోతుంది. కువైట్‌లోని మిత్రిబా వద్ద 2016 జూలై 21న 53.9 డిగ్రీల సెల్సియస్ నమోదైనది. ఆ దేశపు ఎండ ఎంతటిదో దానిని బట్టి ఊహించవచ్చును.

నాటడానికి అక్టోబరు మంచిది. పుదీన కొమ్మను నీటిలో ఉంచితే వారం పది రోజులలో వేరు వేస్తుంది. నిమ్మగడ్డిని పిలకలుగా విడదీసి నాటాలి. తులసి చలికి ఓర్వదు, జనవరి రాత్రులలో కుండీని లోపలికి తేవాలి. పూజకు ఉంచిన తులసి వేరు, టీకి కోసే తులసి వేరు. రెండు కుండీలు పెట్టుకోవడం మా ఇంటి ఆచారం. అంగడిలో తులసి అని అడిగితే రేహాన్ ఇస్తారు. అది తులసికి చుట్టమే గాని తులసి కాదు, మన సబ్జా గింజల మొక్క. అరబ్బులు పుదీనను నానా అని, మరువాన్ని మర్దకూష్ అని అంటారు.

నీటి విషయంలో జాగ్రత్త అవసరం. తోటలకు ఇచ్చే గొట్టపు నీరు అనేక ఇళ్ళలో ఉప్పుగా ఉంటుంది. దానిని పోస్తే మట్టిపై తెల్లని పొర కట్టి ఆకు అంచులు మాడుతాయి. కుండీలకు తాగేనీరే పోయాలి.

పూత రాకముందే, ఉదయం మంచు ఆరిన తరువాత లేత కొనలను కోయాలి. దుమ్ము గాలి వీచిన మరునాడు కోసిన ఆకును రెండుసార్లు కడగాలి. నీరు విదిలించి, పలుచని బట్టపై ఒకే పొరగా పరచి, గదిలో పంకా కింద ఉంచాలి. నిమ్మగడ్డిని ముందే అర అంగుళం ముక్కలుగా కత్తిరించాలి. పుదీన నాలుగైదు రోజులలో, తులసి వారంలో ఆరుతుంది. కాడ వంచితే పుటుక్కున విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. నూరు గ్రాముల పచ్చి పుదీనకు ఇరవై గ్రాముల లోపే మిగులుతుంది. వాము ఆకు మందము, అది ఆరేలోగా కుళ్ళుతుంది, పచ్చిదే వాడుకోవాలి.

గాజు సీసాలో పోసి మూడు రోజుల తరువాత చూడాలి. లోపల చెమర్చితే తీసి మళ్ళీ ఆరబెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. ఒక కప్పు మరిగిన నీటికి ఒక చెంచా ఆకు వేసి, మూత పెట్టి అయిదు నిమిషాలు ఉంచితే చాలు. కువైటీలు ఇస్తికాన అనే చిన్న గాజు గ్లాసులో నల్లని టీకి పుదీన రెమ్మ వేసి ఇస్తారు, అదియూ బాగుంటుంది.

వీధుల పక్కన పెంచే మొక్కల ఆకును ఎన్నడూ కోయవద్దు. అక్కడ గన్నేరు విరివిగా ఉంటుంది. దాని ఆకు, పువ్వు, కాడ అన్నియూ విషమే. ఎండినా ఆ విషం పోదు.